పీపాల మధ్య పన్నెండు గంటలు

పది గంటలపాటు కార్లు తిరిగిన చోటే తిరుగుతుంటే చూడటానికి ఏముంటుంది తాతా అని అడిగావు చూడు మనవడా, దానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. డబ్బు పెట్టి టిక్కెట్టు కొని, లుసైల్ కార్ల పందేల ట్రాకు దాకా పోయి, మూడు గంటలకే విసుగొచ్చి ఇంటికొచ్చేశావంట. అసలు పందెం నువ్వు లేచొచ్చాకే మొదలయింది. అల్లుడూ, ఆ కుంపట్లో ఇంకో రెండు బొగ్గులు వెయ్యి. ఫిబ్రవరి గాలి సముద్రం మీంచి వస్తోంది, చెవులు కప్పుకోండి. అమ్మాయీ, కరక్ చాయ్ ఉంటే తలా కాస్త పొయ్యి. ఇది పొట్టి ముచ్చట కాదు.

నేను దోహాకి వచ్చిన కొత్తలో మనముంటున్న ఈ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌కి పాత అనే మాటే లేదు. అదే ఎయిర్‌పోర్టు. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే విమానం పొట్ట కిందనించి కనపడేది. చక్రాలు దిగేది, రెక్కల అంచులు వంగేది, అన్నీ కనపడేవి. నాలుగున్నర కిలోమీటర్లకి పైన పొడుగున్న రన్‌వే అది. ప్రపంచంలో మామూలు ప్రయాణికుల విమానాలు దిగే రన్‌వేల్లో అంత పొడుగువి తక్కువ. 2014లో హమద్ ఎయిర్‌పోర్టు తెరిచాక ప్రయాణికుల విమానాలన్నీ అటు పోయినాయి. 2022లో వరల్డ్‌కప్పు పుణ్యమా అని మళ్ళీ కొన్నాళ్ళు దీన్ని తెరిచారు. ఇప్పుడు మెట్రో స్టేషను మీద కూడా 'అల్ మతార్ అల్ ఖదీమ్', అంటే పాత ఎయిర్‌పోర్టు, అనే రాశారు. నేను మాత్రం గోడ అవతల ఆ కాంక్రీటు చూసినప్పుడల్లా, ఇది వేరే దేశంలో ఉంటే ఈ పాటికి దీని మీద కార్లు పరిగెత్తేవి అనుకుంటాను. ఎందుకంటే నేను పందెం అనేదాన్ని మొట్టమొదట చూసింది ఇట్టాంటి నేల మీదే.

మాది సూళ్లూరుపేట అవతల. పదిహేనేళ్ళ వయసులో లారీ క్లీనరుగా ఎక్కాను. నెల్లూరు బియ్యం మూటలేసుకుని మదరాసు రోడ్డు మీద రెడ్‌హిల్స్ మిల్లులకి, మండీలకి పోయే లారీ. గుమ్మిడిపూండి దాటి, కారనోడై దగ్గర ఏరు దాటితే షోలవరం. ఆ ఊళ్ళల్లో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే, టీ కొట్లో తెలుగులో అడిగితే తెలుగులోనే చెప్పేవాళ్ళు. ఆ షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఒకటి ఉంది. యుద్ధం అయిపోయింది, విమానాలు పోయినాయి, కాంక్రీటు మిగిలింది. 1953లో మదరాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అని పెట్టారు. ఆ క్లబ్బు వాళ్ళే ఆ స్ట్రిప్పు మీద పందేలు మొదలుపెట్టారు. ఏటా పందేల రోజు వచ్చిందంటే రోడ్డు మీద లారీ కదిలేది కాదు. సైకిళ్ళు, ఎడ్ల బళ్ళు, బస్సు టాపుల మీద జనం.

మా డ్రైవరు మామ ఒక ఏడు లారీని చింతచెట్టు కింద ఆపేసి, "పద అబ్బయ్యా, మూటలెక్కడికీ పోవు" అన్నాడు. లోపలికి పోయి చూస్తే గ్యాలరీ లేదు, గోడ లేదు. రన్‌వే మీద మలుపు ఎక్కడ తిరగాలో గుర్తుకి తారు పీపాలు, నూనె పీపాలు వరసగా నిలబెట్టారు. వాటి పక్కన ఎండుగడ్డి కట్టలు. మాలాంటి కుర్రకారు ఆ పీపాలకి నాలుగడుగుల వెనక కూర్చుంది. ఖాళీ పీపా దొరికితే దాని మీదికెక్కింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ ఆ రోజు అదే మంచి సీటు.

ఫియట్లు, హెరాల్డులు, జావా మోటారు సైకిళ్ళు వచ్చేవి. ఊళ్ళో తిరిగే బళ్ళే. సీట్లు పీకి, బంపర్లు తీసి, సైలెన్సరు కోసేసి తెచ్చేవాళ్ళు. అవి మా ముందునించి పోతుంటే ఆముదం కాలిన వాసన వచ్చింది. నేను చుట్టూ చూశాను, ఇక్కడ ఆముదం దీపం ఎవరు పెట్టారా అని. మామ నవ్వి చెప్పాడు, పందెం ఇంజన్లలో పోసేది ఆముదంతో చేసిన నూనేనంట. బాగా వేడెక్కినా ఆ నూనె అంత తొందరగా పలచబడదు, పిస్టన్ పట్టెయ్యకుండా కాస్తుంది. మా నాయనమ్మ తలకి రాసిన ఆముదం అంత గొప్ప పని చేస్తుందని నాకు అప్పటిదాకా తెలవదు. మెకానిక్కు కావాలని ఆ రోజే అనుకున్నాను. తర్వాత కొన్నేళ్ళకి లారీ దిగి మదరాసులో షెడ్డులో చేరాను. అక్కణ్ణించి ఇక్కడికి.

ఇక్కడ సనాయాలో, అంటే షెడ్డులూ ఫ్యాక్టరీలూ ఉండే పేటలో, నేను చేసిన గ్యారేజీలో ఫోర్‌మన్ ఒకాయన ఉండేవాడు. లెబనాన్ మనిషి. ఆయన బల్ల కింద అట్టపెట్టెల నిండా పాత మోటారు పత్రికలు. మధ్యాన్నం ఎండకి షట్టరు దించేసి అందరూ పడుకుంటే, ఆయన ఒక పత్రిక తీసి బొమ్మలు చూపిస్తూ కథ చెప్పేవాడు. అరబ్బీ సగం, ఇంగ్లీషు సగం, చేతులతో మిగతా సగం. ఆ బొమ్మల్లో ఒకదాంట్లో పెద్ద కాంక్రీటు మైదానం, పక్కన నిలిపిన విమానాలు, మధ్యలో కార్లు, మలుపు దగ్గర పీపాలు. "ఇది షోలవరమా?" అన్నాను. "కాదు, సీబ్రింగ్" అన్నాడు. నా ప్రాణం అక్కడ చిక్కుకుంది.

సీబ్రింగ్ అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రం నడిమధ్యన, నారింజ తోటల మధ్య చిన్న ఊరు. యుద్ధంలో అక్కడ హెండ్రిక్స్ ఫీల్డ్ అని మిలిటరీ విమానాశ్రయం కట్టారు. బి-17 అనే నాలుగు ఇంజన్ల బాంబు విమానాలు నడిపేవాళ్ళకి శిక్షణ అక్కడ. యుద్ధం అయ్యాక అంత కాంక్రీటూ ఎండకి పడి ఉంది. ఆలెక్ ఉల్మాన్ అని రష్యాలో పుట్టిన ఇంజనీరు ఒకడు విమానాల పని మీద అక్కడికి పోయాడు. ఆయనకి ఫ్రాన్సులో లె మాన్ 24 గంటల పందెం అంటే పిచ్చి. ఈ రన్‌వేలు చూడగానే, అమెరికాకి కూడా అట్టాంటి పందెం ఇక్కడే పెట్టొచ్చు అనుకున్నాడు. 1950 డిసెంబరు 31న మొదటి పందెం పెట్టాడు. అది ఆరు గంటలే.

ఆ మొదటి పందెం గెలిచిన కారు సంగతి వినండి, అమ్మాయీ నువ్వు కూడా ఇటు రా. క్రాస్లీ హాట్ షాట్ అని బుల్లి కారు. ఇంజను 724 సీసీ, అంటే మన మారుతి 800 కన్నా చిన్నది. దాన్ని పందేనికి తేలేదు. ఒకాయన పందెం చూట్టానికని దాంట్లో వచ్చాడు. ఆ రోజు లెక్క ఇంజను సైజుని బట్టి. చిన్న ఇంజను తన సత్తాకి మించి ఎంత దూరం పోతే అంత మార్కు. అది గమనించిన వాళ్ళు, మీ కారు ఇస్తారా అని అడిగారు. ఇచ్చాడు. ఫ్రిట్జ్ కోస్టర్, రాల్ఫ్ డెషాన్ అని ఇద్దరు దాన్ని ఆగకుండా నడిపారు. ఫెరారీలు, జాగ్వార్లు పక్కనించి దూసుకుపోతున్నా ఇది తన నడక మానలేదు. చివరికి మొదటి బహుమతి దీనికే వచ్చింది.

1952 మార్చిలో అది పన్నెండు గంటలయింది. పొద్దున మొదలుపెడితే రాత్రికి ఆపటం. చుట్టు 8 కిలోమీటర్ల పైచిలుకు. ఆ మరుసటేడు, 1953 మార్చి 8న, ప్రపంచ స్పోర్ట్స్‌కార్ చాంపియన్‌షిప్పు అనేది పుట్టింది. దాని మొట్టమొదటి పందెం ఎక్కడ పెట్టారు? ఐరోపాలో కాదు. ఈ సీబ్రింగ్ పాత విమానాశ్రయంలో, ఈ పీపాల మధ్య.

అది గెలిచిన ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి. జాన్ ఫిచ్, ఫిల్ వాల్టర్స్. ఇద్దరూ యుద్ధం చూసొచ్చినవాళ్ళే. ఫిచ్ యుద్ధవిమానం నడిపాడు. జర్మన్ల జెట్ విమానాన్ని కూల్చాడు. ఆఖర్లో తన విమానమే కూలి వాళ్ళకి ఖైదీగా చిక్కాడు. వాల్టర్స్ ఇంజను లేని గ్లైడరు నడిపినవాడు. అట్టాంటివాళ్ళకి రన్‌వే కొత్తేముంది? బ్రిగ్స్ కనింగ్‌హామ్ అనే ఆసామి సొంతంగా కట్టించిన కారు, దాంట్లో క్రైస్లర్ ఇంజను. వీళ్ళిద్దరూ 173 చుట్లు తిప్పారు, అంటే దాదాపు 1450 కిలోమీటర్లు. ఇంగ్లండు నించి వచ్చిన ఆస్టన్ మార్టిన్ వీళ్ళకి ఒక్క చుట్టు వెనకపడింది. పన్నెండు గంటల్లో ఒక్క చుట్టు తేడా! నాలుగైదు నిమిషాలు! ఒక్క టైరు మార్చటంలో నట్టు జారి ఉంటే చాలు, చరిత్ర తిరగబడేది.

మనవడా, పగలు నడపటం ఒక ఎత్తు. చీకటి పడ్డాక సీబ్రింగ్ ఇంకో ఎత్తు. రన్‌వే ఎంత వెడల్పు ఉంటుందో నీకు తెలుసు, విమానం ఎక్కావు కదా. రోడ్డుకైతే అంచు ఉంటుంది, చెట్టు ఉంటుంది, మైలురాయి ఉంటుంది. అక్కడ అంతా ఒకటే తెల్లటి బయలు. మలుపు ఎక్కడుందో చెప్పేది ఆ పీపాలే. సాయంత్రానికల్లా ఎవరో ఒకరు గుద్ది నాలుగు పీపాలు దొర్లించి ఉంటారు. అప్పుడు హెడ్‌లైటు వెలుగులో డ్రైవరుకి దారే కనపడదు. దారి తప్పి వేరే రన్‌వే మీదికి పోయి, చీకట్లో వెతుక్కుంటూ తిరిగొచ్చినవాళ్ళు ఉన్నారు. పైగా కాంక్రీటు పలకల మధ్య అతుకులు. ప్రతి అతుకుకీ దడేల్ మని దెబ్బ. వందల చుట్లు, వేల అతుకులు. స్ప్రింగు విరుగుతుంది, వెల్డింగు ఊడుతుంది, మనిషి నడుము విరుగుతుంది. గాలిపటంలా తయారుచేసిన బండి ఆ నేల మీద నిలవదు. ఈ రోజుకి కూడా కార్ల కంపెనీలు లె మాన్‌కి పోయేముందు సీబ్రింగ్‌లో తిప్పి చూసుకుంటాయి. ట్రాకు ఇప్పుడు పొట్టిదయింది, ఆరు కిలోమీటర్లే. అయినా ఆ పాత కాంక్రీటు ముక్కలు కొన్ని అట్టాగే ఉంచారు.

అన్నిటికన్నా ముందు చచ్చేది బ్రేకు. ఇది నా సబ్జెక్టు, అందుకని కొంచెం నిలబడి చెప్తా. రన్‌వే తిన్నగా ఉంటుంది కాబట్టి కారు దానికున్న వేగమంతా చూపిస్తుంది. ఆ చివర వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపు. అంత వేగాన్నీ అక్కడ మింగెయ్యాల. ఆ రోజుల్లో ఎక్కువ కార్లకి డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము లోపల షూ, షూ మీద లైనరు. రుద్దుకునేకొద్దీ వేడి, ఆ వేడి పోవటానికి డ్రమ్ములో దారి లేదు. లైనరు అద్దంలాగా నున్నగా అయిపోతుంది, డ్రమ్ము వేడికి సాగుతుంది, పెడలు కిందికి కిందికి పోతుంది. నల్లమల ఘాటులో దోర్నాల వైపు దిగుతుంటే మా లారీకి ఇదే అయ్యేది. కాలిన వాసన రాగానే మామ నా వంక చూసేవాడు, నేను చెక్క దిమ్మ పట్టుకుని దూకటానికి తయారుగా ఉండేవాణ్ణి. లారీనైతే పక్కకి తీసి, బీడీ కాల్చుకుని, చల్లారాక పోవచ్చు. పందెంలో ఆగితే పోయినట్టే.

అందుకే 1954 పందెం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆ ఏడు ఇటలీనించి లాన్సియా కంపెనీ పెద్ద కార్లతో దండెత్తి వచ్చింది. ఫాంజియో, అస్కారీ లాంటి ప్రపంచ చాంపియన్లు ఆ కార్లలో. అటుపక్క కనింగ్‌హామే ఒక చిట్టి కారుని కూడా దింపాడు. ఓస్కా అంటారు దాన్ని. మసెరాటి అన్నదమ్ములు తమ పాత కంపెనీ అమ్మేశాక బొలోన్యా దగ్గర చిన్న షెడ్డులో పెట్టుకున్న కొత్త దుకాణం అది. ఇంజను లీటరున్నర. నడిపేది స్టెర్లింగ్ మాస్ అనే 24 ఏళ్ళ ఇంగ్లీషు కుర్రాడు, బిల్ లాయిడ్ అనే అమెరికా ఆయన. పొద్దున లాన్సియాలు వెళ్ళిపోయిన తీరు చూస్తే ఓస్కాని ఎవరు లెక్కపెడతారు? కానీ గంటలు గడిచేకొద్దీ పెద్దవి ఒక్కొక్కటే ఆగిపోవటం మొదలయింది. ఈ చిట్టిది తన లెక్కలో తను తిరుగుతూనే ఉంది. దానికీ కష్టం వచ్చింది. బ్రేకులు పోయినాయి. దాదాపుగా లేనట్టే. అప్పుడు మాస్ ఏం చేశాడంటే, మలుపుకి చాలా ముందే కారుని అడ్డంగా తిప్పి జారించేవాడు. టైర్లు పక్కకి రాసుకుని వేగం తగ్గేది. పీపాల ముందు అడ్డంగా జారి, తిన్నగా చేసుకుని, మళ్ళీ తొక్కటం. గేర్లతో ఆపటం, పక్కకి జార్చి ఆపటం. గంటలకి గంటలు అట్టాగే. 168 చుట్లు. మొదటి బహుమతి ఓస్కాకే. రెండోది ఒక లాన్సియాకి, అదీ ఆ పెద్ద పేర్లున్నది కాదు.

ఫోర్‌మన్ ఈ కథ చెప్పిన రోజు సాయంత్రం నేను ఒక లాండ్‌క్రూజరు బ్రేకు షూలు మారుస్తున్నాను. పాత లైనరు తీసి చేతిలో పట్టుకుని చూశాను. వేలు మందం ఉండాల్సింది కాయితమంత అయింది. ఇంత పలచని దాని మీద ఆ మనిషి ప్రాణం పెట్టుకుని తిరిగాడా అనిపించింది.

సరే, ఇప్పుడు నీ ప్రశ్న. చూడటానికి ఏముంటుంది? లుసైల్ పందెం 1812 కిలోమీటర్లు అని ఎందుకు పెట్టారో తెలుసా? ఈ దేశం జాతీయ దినం డిసెంబరు 18 కాబట్టి. మొదటిసారి 2024 మార్చి 2న జరిగింది. 335 చుట్లు. పోర్షే గెలిచింది. కానీ నేను కళ్ళార్పకుండా చూసింది రెండో స్థానంలో ఉన్న ప్యూజో కారుని. తొంభై మూడో నంబరు. పది గంటలు దగ్గరకొస్తున్నాయి, ఒకటి రెండు చుట్లు మిగిలినాయి, రెండో స్థానం చేతిలో ఉంది. అప్పుడు ఇంధనం అయిపోయింది. అంత దూరం మోసుకొచ్చిన బండి గీత దగ్గర నీరసించిపోయింది. ఆ జట్టులో ఉన్నవాడే జాన్ ఎరిక్ వెర్న్. 2023 ఫిబ్రవరిలో మన హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ పక్కన కరెంటు కార్ల పందెం గెలిచింది ఆయనే. నువ్వు మూడు గంటలకే లేచొస్తే ఇట్టాంటిది ఎట్టా కనపడుతుంది?

ఇంకోటి. ఆ రోజు గెలిచిన పోర్షేని నడిపిన ముగ్గురిలో ఆండ్రే లోటరర్ ఒకడు. ఆ పేరు వినగానే నేను లేచి కూర్చున్నాను. 2009 లె మాన్‌లో ఒక ఆడీ కారుకి ముగ్గురు డ్రైవర్లు. లోటరర్, జ్వోల్స్‌మన్, మన కోయంబత్తూరు నారాయణ్ కార్తికేయన్. తీరా పందెం మొదలయ్యే ముందు కార్లు ఆగే పిట్ గోడ దాటుతూ నారాయణ్ పడ్డాడు, భుజం తప్పింది. డాక్టర్లు ఒప్పుకోలేదు. ముగ్గురు పంచుకోవాల్సిన 24 గంటలూ మిగిలిన ఇద్దరే నడిపి ఏడో స్థానంలో వచ్చారు. కోయంబత్తూరు మిల్లుల నాయుళ్ళ ఇళ్ళల్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు, తెలుసు కదా. ఆ ఊరి కరివర్ధన్ షోలవరంలో పోటీ చేసినవాడే. మామూలు కుర్రాళ్ళకి కూడా అందుబాటులో ఉండాలని మారుతి ఇంజనుతో పందెం కార్లు కట్టించాడు. అట్టాంటి ఫార్ములా మారుతి కారుతోనే నారాయణ్ మొదలుపెట్టాడు. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. షోలవరంలో పందేలు అంతకుముందే ఆగినాయి, 1990లో ఇరుంగాట్టుకోట్టైలో కొత్త ట్రాకు వచ్చాక.

లె మాన్ పేరు ఎత్తాను కాబట్టి ఇది కూడా చెప్పాల. చెప్పకుండా ఈ కథ ముగించటం నాకు చేతకాదు.

1955 జూన్ 11. లె మాన్. సాయంత్రం నాలుగింటికి మొదలయింది. ఫిచ్ ఆ ఏడు మెర్సిడెస్ జట్టులో ఉన్నాడు. ఆయనకి జోడీ పియర్ లెవెగ్ అనే ఫ్రెంచాయన, వయసు 49. లెవెగ్ 1952లో అదే పందెంలో జోడీకి ఇవ్వకుండా తనొక్కడే ఇరవై గంటలకి పైగా నడిపి, గెలుపు ముంగిట ఇంజను పోయి ఓడినవాడు. ఈసారి మొదట లెవెగ్ ఎక్కాడు. ఫిచ్ తన వంతు కోసం తయారై, లెవెగ్ భార్య పక్కన నిలబడి చూస్తున్నాడు.

అప్పటికి జాగ్వార్ వాళ్ళకి డిస్క్ బ్రేకులు వచ్చినాయి. మెర్సిడెస్‌కి ఇంకా డ్రమ్ములే. అందుకని వాళ్ళు కారు వెనక రేకు ఒకటి పెట్టారు, బ్రేకు వేసినప్పుడు అది లేచి గాలిని అడ్డుకునేది. ఆరున్నర కావస్తోంది. హాథార్న్ అనే ఆయన జాగ్వార్‌ని పిట్ దగ్గర ఆపటానికి ఒక్కసారి వేగం తగ్గించాడు. పిట్‌కీ రోడ్డుకీ మధ్య గోడ లేదు, అంతా ఒకటే దారి. వెనకొస్తున్న మాక్లిన్ ఆస్టిన్ హీలీ తప్పించబోయి ఎడమకి వచ్చింది. దాని వెనక లెవెగ్. ఆయనకి తిప్పటానికి చోటు లేదు, ఆపటానికి సమయం లేదు. మెర్సిడెస్ ఆ చిన్న కారు వెనక భాగం మీదికెక్కి గాల్లోకి లేచి, జనం నిలబడ్డ కట్ట మీద పడి ముక్కలయింది. ఇంజను, ముందు చక్రాల భాగం జనం మీదినించి పోయినాయి. ఒళ్ళంతా మెగ్నీషియం రేకు, అది అంటుకుంటే నీళ్ళు పోసేకొద్దీ మండుతుంది. లెవెగ్ పోయాడు. చూడొచ్చిన జనం ఎనభై మందికి పైగా పోయారు. పిల్లలూ ఉన్నారు అందులో.

పందెం ఆపలేదు. ఆపితే జనమంతా ఒక్కసారి రోడ్ల మీదికొచ్చి అంబులెన్సులకి దారి ఉండదని నిర్వాహకులు చెప్పిన కారణం. మన కార్లని వెనక్కి తీసుకోండి అని మెర్సిడెస్ వాళ్ళకి చెప్పిన మొదటివాళ్ళలో ఫిచ్ ఒకడు. అర్ధరాత్రి దాటాక, ముందంజలో ఉండగా, వాళ్ళు కార్లని ఆపి వెళ్ళిపోయారు. స్విట్జర్లాండు దేశమంతటా ట్రాకు పందేలే మానిపించింది. సీబ్రింగ్‌లో ఫిచ్‌తో గెలిచిన వాల్టర్స్ ఆ రాత్రితో పందేలు వదిలేశాడు.

షోలవరంలో పీపా మీద కూర్చున్న పిల్లాణ్ణి నేను. ఆ ఫొటోలు ఫోర్‌మన్ చూపించినప్పుడు నేను డ్రైవర్ని చూడలేదు. కట్ట మీద నిలబడ్డ ఆ జనాన్ని చూశాను. మాకూ వాళ్ళకీ తేడా ఏముంది? నిలబడ్డ చోటు, అంతే. ఆ తర్వాత షోలవరం వైపు పోయినప్పుడు పీపాల పక్కన కూర్చునే కుర్రాళ్ళని లేచి వెనక్కి పొమ్మని గదమాయించేవాణ్ణి. తిట్టుకునేవాళ్ళు. తిట్టుకోనీ.

ఫిచ్ మాత్రం పందేలు మానలేదు, కానీ ఇంకో పని మీద పడ్డాడు. బండి అదుపు తప్పితే దాన్ని మెల్లగా ఎట్టా ఆపాల? గోడకి కొడితే లోపలి మనిషి చస్తాడు. అడ్డం ఏదీ లేకపోతే బయటివాళ్ళు చస్తారు. యుద్ధంలో ఉన్నప్పుడు గుడారాల చుట్టూ ఇంధనం డబ్బాలు ఇసక నింపి పెట్టుకునేవాళ్ళు, తూటాలు తగలకుండా. ఆయనకి అది గుర్తొచ్చింది. ప్లాస్టిక్ పీపాల్లో ఇసక నింపి వరసగా పెడితే? ముందు వరస పీపాల్లో తక్కువ ఇసక. వెనక్కి పోయేకొద్దీ ఎక్కువ. కారు మొదటిదాన్ని గుద్దితే అది పగిలి ఇసక చిమ్ముతుంది, వేగం కాస్త తగ్గుతుంది. తర్వాతది ఇంకాస్త తగ్గిస్తుంది. ఆఖరి బరువు పీపా దగ్గరికొచ్చేసరికి కారు ఆగి ఉంటుంది. లోపలి మనిషి బతికి ఉంటాడు. 1960ల ఆఖర్లో అవి అమెరికా రోడ్ల మీదికొచ్చినాయి. అల్లుడూ, డాలస్‌లో మీ చెల్లెలు రోజూ ఆఫీసుకి పోయేదారిలో, హైవే నించి ఇంకో రోడ్డు చీలే చోట, గోడ ముక్కుకి ముందు పసుపు పీపాలు గుంపుగా కనపడతాయి. ఫోను చేసినప్పుడు అడుగు. ఫిచ్ పీపాలు అంటారు వాటిని. సీబ్రింగ్ గెలిచిన మనిషి పేరు అది.

ఆయన 2012 దాకా బతికాడు, 95 ఏళ్ళు. ఆ పీపాలు పనిచేస్తాయో లేదో చూడటానికి మొదట్లో సారా దుకాణం పెట్టెల్లో ఇసక నింపి వరసగా పేర్చాడంట. పరీక్షకి ఎవరో కూలీ మనిషిని పెట్టలేదు. తనే కారెక్కి, గంటకి వంద కిలోమీటర్ల పైన తోలుకొచ్చి, తను పేర్చిన పెట్టెల్ని తనే గుద్దాడు.